సముద్రం అవతలి తుఫానుకు మన అంగట్లో చందా డబ్బా



ఈ పత్రిక చదివే కుటుంబాల్లో వ్యాపారస్తులు చాలామంది ఉన్నారు. ధర్మవరంలో పట్టుచీరల అంగళ్లు, హిందూపురంలో బెల్లం, చింతపండు మండీలు, పెనుకొండలో మందుల షాపులు, హోటళ్లు నడిపేవారున్నారు. అమెరికాలోనో మరో దేశంలోనో పిల్లలు ఉద్యోగాలు చేస్తున్న ఇళ్లూ ఉన్నాయి. కనుక ఎక్కడో పెద్ద తుఫాను వచ్చి వేలమంది నిరాశ్రయులయ్యారని టీవీలో చూసినప్పుడు, "మన అంగట్లో ఒక డబ్బా పెడదాం, తలా ఇంత వేద్దాం" అనే ఆలోచన రావడం సహజమే. అది మంచి ఆలోచన. అయితే ఆ డబ్బాలో ఏమి వేయాలి, ఏమి వేయకూడదు, అందులో పడిన రూపాయి సముద్రం దాటి ఏ దారిన వెళ్తుంది అనే సంగతులు ముందుగా తెలుసుకోవాలి. లేకపోతే మనం ప్రేమతో ఇచ్చినదే అక్కడి ఆసుపత్రులకు భారమవుతుంది.

ముందుగా పేరు సంగతి. హరికేన్ అన్నా, టైఫూన్ అన్నా, మన బంగాళాఖాతపు తుఫాను అన్నా ఒకే జాతి. వెచ్చని సముద్రపు నీటి మీద పుట్టి, సుడి తిరుగుతూ, గాలినీ వాననూ మోసుకొచ్చేదే. అట్లాంటిక్ సముద్రంలో గాలి వేగం గంటకు 119 కిలోమీటర్లు చేరితే దానిని హరికేన్ అంటారు. పసిఫిక్ పడమటి భాగంలో అదే టైఫూన్. 2025 అక్టోబరు 28న జమైకా దీవిని తాకిన మెలిస్సా గాలి వేగం గంటకు సుమారు 295 కిలోమీటర్లు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను చూసినవారికి ఇటువంటి అంకెలు వివరించనక్కరలేదు. ఆ ఒక్క రాత్రిలో పదివేల మంది వరకు చనిపోయారు. అప్పుడు ఎన్.టి. రామారావుగారు, అక్కినేని నాగేశ్వరరావుగారు వీధుల్లోకి వచ్చి జోలె పట్టి విరాళాలు అడిగారు. అంతకు చాలా ముందే, 1952లో మన రాయలసీమ కరువు కోసం కూడా రామారావుగారు ఊరూరా తిరిగి విరాళాలు సేకరించారు.

"మన దగ్గరే పేదరికం ఇంత ఉంటే పైదేశాలకు ఎందుకండీ?" అని అడిగేవారుంటారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు మన జిల్లా చరిత్రలోనే ఉంది.

1876లో వానలు పోయాయి. ఆ తరువాత వచ్చినదానిని పెద్దలు ధాత కరువు అనేవారు. అప్పుడు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం బళ్లారి జిల్లాలో ఉండేవి. అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో. మద్రాసు రాజధానిలో ఆ కరువుకు లక్షల మంది చనిపోయారు. బళ్లారి, కడప, కర్నూలు ప్రాంతాలు అందరికంటే ఎక్కువ దెబ్బతిన్నాయి. 1877 ఆగస్టులో మద్రాసులో సభ జరిపి ఇంగ్లండులోని నగరాల మేయర్లకు సహాయం కోరుతూ తంతి పంపారు. లండన్ మేయరు తన అధికార భవనమైన మాన్షన్ హౌస్ పేరున ఒక నిధి తెరిచారు. వైస్రాయి లిట్టన్‌కు ఆ విజ్ఞప్తి నచ్చలేదు. అయినా కొద్ది నెలల్లో 6 లక్షల పౌండ్లకు పైగా వచ్చింది. అందులో లాంకషైర్ నూలుమిల్లుల పట్టణాల నుంచి వచ్చిన చందా చెప్పుకోదగ్గది. మన ఊళ్ల పేర్లు పలకడం కూడా రాని మనుషులు అంగళ్లలో, మిల్లుల్లో, చర్చిల్లో డబ్బు పోగు చేసి పంపారన్నమాట.

ఆ డబ్బు ఏమైంది అన్నది మనం ఇక్కడ ముఖ్యంగా గమనించాలి. ఇంగ్లండు నుంచి పాత కోట్లు, బూట్లు రాలేదు. డబ్బు వచ్చింది. దానిని తాలూకాల్లోని స్థానిక కమిటీలు పంచాయి. ఆ కమిటీల్లో అధికారులు, మిషనరీలు, ఊరి పెద్దలు ఉండేవారు. రైతుకు ఎద్దు కొనుక్కోవడానికి, విత్తనాలకు, కూలిపోయిన ఇంటికప్పు వేసుకోవడానికి ఇచ్చారు. ఎవరికి ఏమి కావాలో అక్కడున్నవారు నిర్ణయించారు. దూరాన ఉన్నవారు నమ్మి పంపారు. నూట యాభై ఏళ్ల తరువాత కూడా సహాయ కార్యక్రమాల్లో పండిపోయినవారు చెప్పే పద్ధతి ఇదే.

మరి మన కాలపు ఉదాహరణ కావాలంటే బత్తలపల్లి ఆసుపత్రినే చూడండి. ధర్మవరం పక్కనే ఉన్న ఆ ఆర్‌డిటి ఆసుపత్రి వెనుక స్పెయిన్‌లోని సామాన్య కుటుంబాలు నెలనెలా పంపిన చిన్న మొత్తాలు ఉన్నాయి. మనం పుచ్చుకున్నవారం. ఇవ్వడం కూడా మన వంతే అనుకుంటే అందులో వింతేమీ లేదు.

ఇక వైద్యం సంగతికి వద్దాం. తుఫానులో మనుషులు ఎందువల్ల చనిపోతారు? నీటిలో మునిగి, గోడ కూలి, చెట్టు విరిగిపడి అని వెంటనే చెబుతాం. అది మొదటి రోజు లెక్క. 2017 సెప్టెంబరులో మరియా అనే హరికేన్ పోర్టోరికో దీవిని తాకినప్పుడు అధికారికంగా చెప్పిన మరణాలు 64. ఏడాది తరువాత జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారు ఆరు నెలల మరణాలను లెక్కగట్టి చూస్తే ఆ సంఖ్య 2,975 అని తేలింది. అక్కడి ప్రభుత్వం కూడా దానినే అంగీకరించింది. గాలి చంపినవారు కొద్దిమంది. నెలల తరబడి కరెంటు లేక, రోడ్లు లేక, ఆసుపత్రికి చేరలేక పోయినవారే ఎక్కువ. వారిలో ముసలివారు, పేదవారు అధికం.

మన ఆసుపత్రికి వచ్చే రోగులకు ఇది సులభంగా అర్థమవుతుంది. ఇన్సులిన్ వాడేవారు మీలో ఎంతోమంది. అది 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. ఫ్రిజ్ నెల రోజులు పనిచేయకపోతే? వారానికి రెండు మూడుసార్లు డయాలిసిస్ చేయించుకునేవారికి ఒక్క వారం దారి మూసుకుపోతే? బి.పి. మాత్రలు వరదలో కొట్టుకుపోయి, మందుల షాపు కూడా మూతపడితే? తుఫాను వార్తల్లో ఈ మరణాలు కనబడవు.

వీటికి తోడు నీటి వలన వచ్చే జబ్బులు. మంచినీటి గొట్టాల్లో మురుగు కలిసి విరేచనాలు, కలరా వస్తాయి. ఎలుకల మూత్రం కలిసిన వరదనీటిలో కాళ్లకు పుండ్లతో నడిచినవారికి లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. మెలిస్సా తరువాత 2025 నవంబరులో జమైకాలో ఈ జ్వరం ప్రబలినట్టు అక్కడి ఆరోగ్యశాఖ ప్రకటించింది. కూలిన ఇంటి రేకులు, మేకులు గుచ్చుకుని ధనుర్వాతం రావచ్చు. కరెంటు లేదని ఇంటి లోపల జనరేటరు నడిపితే దాని పొగలోని కార్బన్ మోనాక్సైడు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇది మన ఊళ్లో పెళ్లిళ్లకు జనరేటరు పెట్టేవారు కూడా గుర్తుంచుకోవలసిన విషయం. శవాల వలన అంటువ్యాధులు ప్రబలుతాయనే భయం మాత్రం చాలావరకు అపోహ. కలుషితమైన నీరే అసలు ప్రమాదం.

2019 మార్చిలో ఇదాయ్ తుఫాను మొజాంబిక్ దేశంలోని బైరా నగరాన్ని ధ్వంసం చేసింది. మొట్టమొదట చేరినవారిలో మన భారత నౌకాదళం వారున్నారు. సుజాత, శార్దూల్, సారథి అనే నౌకలు అటువైపే ప్రయాణిస్తూ ఉండి దారి మళ్లించుకుని వెళ్లాయి. తరువాత అక్కడ కలరా మొదలైంది. అప్పుడు ఏప్రిల్‌లో కొద్ది రోజుల్లోనే 8 లక్షల మందికి పైగా కలరా టీకా చుక్కలు వేశారు. ఆ టీకాలు ఎవరి ఇంటి అలమారాలో నుంచీ రాలేదు. ముందే సమకూర్చి ఉంచిన నిల్వలో నుంచి వచ్చాయి. అటువంటి నిల్వ ఉండడానికీ, దానిని వాడవాడకు చేర్చడానికీ డబ్బు కావాలి.

ఇప్పుడు కొంచెం నిష్ఠూరంగా ఉండే మాట చెప్పాలి. తుఫాను బాధితులకని ఇంట్లో మిగిలిన మాత్రలు ఇస్తామనే మంచి మనసు చాలామందికి ఉంటుంది. దయచేసి అలా చేయవద్దు. మన దగ్గర మాత్రల అట్టను కత్తిరించి మూడు, నాలుగు అమ్మడం అలవాటు. ఆ ముక్క మీద గడువు తేదీ ఉండదు, ఒక్కోసారి మందు పేరే ఉండదు. కంపెనీ పేరు మాత్రమే ఉంటే వేరే దేశపు డాక్టరుకు అది ఏమి మందో తెలియదు. సగం వాడిన సిరప్పు సీసా సంగతి చెప్పనే అక్కరలేదు.

1988లో ఆర్మేనియాలో భూకంపం వచ్చినప్పుడు లోకమంతా జాలిపడి సుమారు 5,000 టన్నుల మందులు, వైద్య సామగ్రి పంపింది. వాటిలో ఏముందో తెలుసుకోవడానికే 50 మందికి ఆరు నెలలు పట్టింది. కొన్ని వచ్చేసరికే గడువు దాటిపోయాయి, కొన్ని మంచుకు పాడైపోయాయి. మిగిలినవాటిలో సులభంగా గుర్తుపట్టి వాడుకోగలిగినవి మూడో వంతు కూడా లేవు. గాయపడినవారికి కట్టుకట్టవలసిన చేతులు పెట్టెలు విప్పుతూ కూర్చున్నాయి. ఇటువంటి అనుభవాల వల్లనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లో మందుల విరాళాలకు నియమాలు పెట్టింది. అక్కడివారు అడిగిన మందులనే పంపాలి. పెట్టె మీద మందు అసలు పేరు అక్కడివారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. చేరేనాటికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలి. రోగులు వాడగా మిగిలినవి, డాక్టర్లకు ఉచితంగా వచ్చిన శాంపిళ్లు పనికిరావు. మందుల షాపు నడిపే సహోదరులు ఈ నాలుగు సంగతులు గుర్తుంచుకుంటే చాలు.

పాత బట్టల కథ కూడా ఇంచుమించు ఇటువంటిదే. 2004 సునామీ తరువాత తమిళనాడు తీరంలో, నాగపట్నం వైపు రోడ్ల పక్కన పాత బట్టలు గుట్టలుగా పడి తడిసిపోయాయి. జాలరి కుటుంబాలకు అవి పనికిరాలేదు, చినిగిన బట్ట ఇస్తే తీసుకోవడానికి వారి మనసూ ఒప్పుకోలేదు. తరువాత గూంజ్ అనే సంస్థవారు అటువంటి బట్టను సేకరించి, శుభ్రపరచి, స్త్రీలకు నెలసరి బట్టలుగా కుట్టించారు. అది వారి తెలివి. 1998లో మిచ్ హరికేన్ తరువాత హోండురాస్‌లో విరాళంగా వచ్చిన బట్టల మూటలు విమానాశ్రయంలో పేరుకుపోయి, సహాయ సామగ్రి తెచ్చిన విమానం దిగలేకపోయిందని అక్కడ పనిచేసిన అమెరికా అధికారులు చెప్పారు. ఆ మూటల్లో చలికోట్లు కూడా ఉన్నాయట, ఉక్కపోసే దేశానికి!

ధనిక దేశానికైనా ఇదే సమస్య. 2005లో కత్రినా హరికేన్ న్యూ ఆర్లియన్స్ నగరాన్ని ముంచినప్పుడు బ్రిటన్ పంపిన లక్షల కొద్దీ సైనిక భోజన పొట్లాలు ఆర్కాన్సా రాష్ట్రంలోని గిడ్డంగిలో ఉండిపోయాయి. గొడ్డుమాంసం దిగుమతి నియమాలు అడ్డువచ్చాయి. మన దేశం అదే రాష్ట్రానికి ఒక విమానంలో 25 టన్నుల టార్పాలిన్లు, దుప్పట్లు, శుభ్రతకు కావలసిన వస్తువులు పంపింది. దానితో పాటు అమెరికా రెడ్‌క్రాస్‌కు 50 లక్షల డాలర్లు ఇచ్చింది. డబ్బుకు దిగుమతి నియమాలు అడ్డురావు, గడువు తేదీ ఉండదు.

వ్యాపారస్తులకు నేరుగా అర్థమయ్యే కారణం ఇంకొకటి ఉంది. ఒక మాట ఊహించండి. రేపు వరద వచ్చి ధర్మవరంలో మగ్గం గుంతల్లోకి నీళ్లు చేరాయి. నేతగాళ్లకు పని లేదు. మన సీమలో వరదేమిటి అనవద్దు. 2021 నవంబరులో చిత్రావతి పొంగినప్పుడు చెన్నేకొత్తపల్లి మండలంలో జేసీబీ మీద చిక్కుకున్నవారిని హెలికాప్టరుతో కాపాడవలసి వచ్చింది. అటువంటి సమయంలో పైదేశాల నుంచి లారీల కొద్దీ ఉచిత చీరలు వచ్చి పడితే ధర్మవరం కోలుకుంటుందా? ఉన్న అంగళ్లు కూడా మూతపడతాయి. జమైకాలో బట్టల అంగడివాడూ అంతే. డబ్బు వెళ్తే బాధితుడు ఆ అంగట్లోనే చొక్కా కొంటాడు, ఇద్దరూ నిలబడతారు.

సరే, డబ్బే పంపుదాం. ఎలా? ఇక్కడ చాలామంది తికమకపడుతున్నారు. విదేశీ విరాళాల చట్టం అని మనం తరచుగా వినేది పైదేశాల నుంచి మనకు వచ్చే డబ్బుకు సంబంధించినది. మన నుంచి బయటకు వెళ్లే డబ్బుకు రిజర్వు బ్యాంకు నియమాలు వేరుగా ఉన్నాయి. ఒక వ్యక్తి తన సొంత డబ్బును బ్యాంకు ద్వారా, పాన్ నంబరు ఇచ్చి, విదేశీ సంస్థకు విరాళంగా పంపవచ్చు. ఏడాదికి మొత్తం పరిమితి రెండున్నర లక్షల డాలర్లు. మనలో ఎవరికీ ఆ పరిమితితో పని పడదు! కాని ఐదారు వేల రూపాయలు పంపితే బ్యాంకు చార్జీలకే కొంత పోతుంది. పైగా అంగట్లో పదిమంది వేసిన చందా ఒకరి సొంత డబ్బు కాదు. దానిని యజమాని తన పేరున పంపితే లెక్క చెప్పడం కష్టమవుతుంది.

మన సంఘమే, మన ట్రస్టే నేరుగా పంపవచ్చు కదా అంటే, అక్కడా జాగ్రత్త అవసరం. పన్ను మినహాయింపు పొందిన ధర్మసంస్థ దేశం వెలుపల ఖర్చు చేయాలంటే కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు అనుమతి ముందుగా ఉండాలి. లేకపోతే ఆ మొత్తానికి మినహాయింపు పోతుంది. పెద్ద కంపెనీలు చట్టప్రకారం లాభంలో 2 శాతం సమాజసేవకు ఖర్చు చేస్తాయి కదా, వారిని అడుగుదాం అనుకున్నా, ఆ ఖర్చు భారతదేశం లోపలిదై ఉండాలి. పైదేశపు తుఫానుకు ఇస్తే ఆ లెక్కలోకి రాదు.

కనుక సులభమైన దారి ఏమిటంటే, మన దేశంలో నమోదై, ప్రపంచవ్యాప్తంగా సోదర సంస్థలున్నవారిని సంప్రదించడం. భారత రెడ్‌క్రాస్ సొసైటీ 1920 నుంచి ఉంది. చర్చిల తరఫున కాసా, కారితాస్ ఇండియా ఉన్నాయి. వీరందరికీ ఇతర దేశాల్లో భాగస్వాములున్నారు. అయితే డబ్బు ఇచ్చే ముందే రాతపూర్వకంగా ఒక్క ప్రశ్న అడగండి: "మేమిచ్చే మొత్తాన్ని ఫలానా దేశపు తుఫాను బాధితులకే పంపగలరా?" పంపలేము అని జవాబు వస్తే ఆ సంగతి డబ్బా పెట్టకముందే తెలియడం మంచిది. అటువంటప్పుడు అక్కడే ఉన్న మన బంధువులు తమ ఊరి రెడ్‌క్రాస్‌కు ఇవ్వడం, మనం ఇక్కడ మన జిల్లా అవసరాలకు ఇవ్వడం కూడా ఒక పద్ధతి.

పన్ను రాయితీ కోసం ఇచ్చేవారు ఒకటి గమనించగలరు. మనమందరం 80జి అని పిలిచే రాయితీ ఇక్కడ నమోదైన సంస్థలకు ఇచ్చినదానికే. నగదు రూపంలో 2,000 రూపాయలకు మించి ఇస్తే అది వర్తించదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి అసలే లేదు.

డబ్బా పెట్టే పద్ధతి గురించి కొన్ని మాటలు. "లాభంలో కొంత భాగం తుఫాను బాధితులకు" అని బోర్డు రాయడం మాకు నచ్చదు. కొంత అంటే ఎంత? "ఈ నెల 30వ తేదీ వరకు అమ్మిన ప్రతి చీరపై 50 రూపాయలు మా అంగడి తరఫున" అని రాస్తే కొనేవారికి నమ్మకం, యజమానికి బాధ్యత రెండూ ఉంటాయి. కొనేవారి చిల్లర అడగకుండా ఉంచేసుకుని చందాలో వేయడం కూడదు. బిల్లు కట్టే మనిషి చేతిలో ఎంత ఉందో మనకు తెలియదు. పనివారి జీతంలో ఒక రోజు కోత కోయడం కూడా, వారు స్వయంగా కోరితే తప్ప, వద్దు. ఏడుస్తున్న పిల్లల ఫోటోలు, శవాల ఫోటోలు డబ్బా మీద అతికించవద్దు.

క్యూఆర్ కోడ్ పెట్టేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. 2020లో కరోనా సమయంలో పీఎం కేర్స్ నిధి చిరునామాను పోలిన దొంగ చిరునామాలు ఒకటి రెండు అక్షరాల తేడాతో పుట్టుకొచ్చాయి. వాట్సాప్‌లో ఎవరో పంపిన కోడ్‌ను ముద్రించి గోడకు అంటించవద్దు. సంస్థ కార్యాలయానికి ఫోను చేసి సరిచూసుకోండి. ఒక్క రూపాయి పంపి, ఎవరి పేరు వస్తుందో చూడండి.

డబ్బా ఎన్నాళ్లు ఉంచాలి? పోర్టోరికో లెక్క చూశారు కదా. వార్తలు ఆగిపోయిన తరువాతే అక్కడ మందుల అవసరం ఎక్కువైంది. వారం రోజులకే తీసేయకుండా మూడు నెలలు ఉంచడం మేలు. తాళం ఒకరి దగ్గర, డబ్బా మరొకరి దగ్గర ఉండాలి. వారానికొకసారి ఇద్దరు ముగ్గురి ఎదుట తెరిచి, లెక్కించి, అదే రోజు బ్యాంకులో వేయండి. తెరిచిన తేదీ, మొత్తం, లెక్కించినవారి సంతకాలు, సంస్థ ఇచ్చిన రసీదు నకలు డబ్బా పక్కనే, కౌంటరు దగ్గర అందరికీ కనబడేటట్టు అంటించండి.